ఇసుక మెరక కింద మంచినీళ్లు: ఒక తీర గ్రామాన్ని వేసవి సీజన్‌కి సిద్ధం చేసిన పని

సముద్రం ఒడ్డున రిసార్టు ఉన్నవాళ్లు సీజన్‌కి రెడీ అవుతున్నామంటే ముందు పెయింటర్‌ని పిలుస్తారు, తర్వాత ఏసీ మెకానిక్‌ని, ఆ తర్వాత ఫొటోలు తీసేవాళ్లని. నీళ్లు, మురుగు పనులు చూసే నాలాంటి వాళ్లకి ఫోన్ వచ్చేది మే నెలలో, షవర్లో ఉప్పునీళ్లు వస్తున్నాయని గెస్టులు గొడవ పెట్టాక. అప్పటికి చేయగలిగింది చాలా తక్కువ. ఈసారి కోనసీమలో ఒక తీర గ్రామం వాళ్లు అంతర్వేది తీర్థం అయిపోగానే పిలిచారు, అంటే చేతిలో రెండు నెలలకు పైగా టైం ఉంది. ఒక్క రిసార్టు కాదు, దాదాపు అందరూ కలిసి పిలిచారు. అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాను. మన తీరం పొడవునా ఇదే సమస్య ఉన్న ఊళ్లు చాలా ఉన్నాయి.

ఊరి పేరు రాయడం లేదు, జనాల వ్యాపారాల సంగతి కాబట్టి. గోదావరి పాయలు వైనతేయకి, వశిష్ఠకి మధ్య ఉన్న నగరం లంకలో, సముద్రం వైపు చివరన ఉంటుంది. కొబ్బరి తోటల్లో కాటేజీలు వేసిన రిసార్టులు కొన్ని, సొంత ఇంటి మీద రెండు గదులు వేసి హోంస్టే నడుపుతున్నవాళ్లు మరికొందరు, బీచ్ రోడ్డు మీద రొయ్యల వేపుడు, పీతల కూర అమ్మే పాకలు, వీటన్నిటికీ సముద్రం వైపు మత్స్యకారుల పేట. గదులన్నీ కలిపితే దాదాపు 200 మంచాలు. పేటలో జనం 600 మంది దాకా ఉంటారు.

అంతకు ముందు ఏడాది మేలో ఏం జరిగిందో ఊళ్లో ఎవర్ని అడిగినా చెప్తారు. రిసార్టుల వాళ్లు చెప్పేది సబ్బు నురగ రావట్లేదని, గీజర్ల కాయిల్స్ వరసగా పోయాయని, గెస్టులు రివ్యూల్లో ఉప్పునీళ్లని రాశారని. పేటలో ఆడవాళ్లు చెప్పేది ఒక్కటే, పప్పు ఉడకట్లేదని. నా చేతిలో ఉన్న టీడీఎస్ మీటర్ కంటే ఆ మాటే ముందు పట్టిచ్చింది. తాగేనీటి ప్రమాణాల ప్రకారం నీటిలో కరిగిన లవణాలు, అంటే టీడీఎస్, లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 2000 వరకు సర్దుకోవచ్చు. పేట నుయ్యి ఆ మేలో 2000 దాటిందని పంచాయతీ వాళ్లు రాసుకున్న పుస్తకంలో ఉంది. రిసార్టుల బోర్ల సంగతి ఎవరూ రాసి పెట్టలేదు.

ఎందుకిలా అవుతుందో చెప్పాలి, లేకపోతే తర్వాత చేసిన పనులకి అర్థం ఉండదు. తీరంలో ఇసుక మెరకల మీద పడ్డ వాన కిందికి దిగి ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది, పాల మీద మీగడలాగ. మంచినీరు తేలిక, సముద్రపు నీరు కొంచెం బరువు. ఆ బరువు తేడా లెక్క ప్రకారం, సముద్ర మట్టం కంటే నూతిలో మంచినీటి మట్టం ఒక అడుగు ఎత్తులో ఉంటే దాని కింద దాదాపు 40 అడుగుల లోతు వరకు మంచినీరు ఉంటుంది. వినడానికి బాగుంది కదా, దీన్నే తిరగేసి చూడండి. మోటార్లు పెట్టి ఆ మట్టాన్ని ఒక అడుగు కిందికి లాగితే, కింద నుంచి ఉప్పునీరు క్రమంగా 40 అడుగులు పైకి రావడానికి దారి పడినట్టే. నూతిలో అడుగు తగ్గితే ఎవరికీ కంగారు ఉండదు, నీళ్లు కనిపిస్తూనే ఉంటాయి కాబట్టి. పైగా నీళ్లు తగ్గుతున్నాయని బోరు ఇంకాస్త లోతుకి దింపుతారు. ఇసుక మెరకలో బోరు లోతుకి దింపడమంటే ఉప్పునీటికి దగ్గరగా వెళ్లి తోడుకోవడమే. మెట్ట ప్రాంతాల్లో పనికొచ్చే అలవాటు ఇక్కడ ముంచేస్తుంది.

దీనికి తోడు మన డెల్టా క్యాలెండర్ ఒకటుంది. లొల్ల లాకుల దగ్గర చీలిన కాలువల్లో గన్నవరం కాలువ డొక్కా సీతమ్మ అక్విడక్టు మీదుగా వైనతేయ దాటి ఈ లంకలోకి వస్తుంది. కాలువ పారినంత కాలం చేలూ, బోదెలూ తడిగా ఉండి భూమిలోకి ఎంతో కొంత మంచినీరు దిగుతూ ఉంటుంది. దాళ్వా, అంటే రెండో పంట చేతికొచ్చే వేళకి, మామూలుగా ఏప్రిల్లో, మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. మళ్లీ వదిలేది జూన్‌లోనే. కట్టేసే ముందు మంచినీటి చెరువులు నింపుకోమని చెప్తారు, ఊళ్లన్నీ ఆ రెండు నెలలూ వాటి మీదే బతకాలి. బడులకి సెలవులిచ్చేదీ అప్పుడే, హైదరాబాద్ నుంచి కార్లు దిగేదీ అప్పుడే. అంటే నీళ్లు అన్నిటికంటే తక్కువున్న రోజుల్లోనే మనుషులు అన్నిటికంటే ఎక్కువ. తీరంలో సీజన్ కోసం ఏ ప్లాన్ వేసినా ఈ క్యాలెండర్ పక్కన పెట్టుకునే వేయాలి.

లెక్కలు అందరి ముందూ పెట్టడం

మొదటి మీటింగ్ పంచాయతీ ఆఫీసులో పెట్టాం. రిసార్టు ఆవరణలో పెడితే పేట నుంచి ఎవరూ రారు, వచ్చినా మాట్లాడరు. నేను బోర్డు మీద రెండే లెక్కలు రాశాను. హోటళ్లకి నీటి ప్రమాణం మంచానికి రోజుకి 180 లీటర్లు, పల్లెల్లో ఇంటింటి కుళాయి పథకానికి పెట్టుకున్న ప్రమాణం మనిషికి 55 లీటర్లు. 200 మంచాలు నిండితే రోజుకి 36 వేల లీటర్లు, పేటలో 600 మందికి 33 వేల లీటర్లు. అంటే మూడో వంతు మనుషులు పేట మొత్తం కంటే ఎక్కువ వాడతారు. నిజంగా అంతకంటే ఎక్కువే వాడతారు కూడా, సముద్రంలో మునిగి ఇసుకతో వచ్చినవాళ్లు రోజుకి రెండు మూడు సార్లు స్నానం చేస్తారు. అందులో తప్పేం లేదు, వాళ్లు వచ్చిందే అందుకు. కానీ ఆ నీళ్లు ఎక్కడివో తెలియాలి.

పేట నుంచి వచ్చిన ఒక పెద్దావిడ అప్పటిదాకా వింటూ కూర్చుని ఒక మాట అంది: "బాబూ, మీ మోటార్లు ఆగితే మా నుయ్యి ఊరుద్దండి. మీరు బోర్డు మీద ఎన్ని రాసినా లెక్క ఇదేనండి." నేను ఆవిడని ఏ టైంకి నుయ్యి ఊరుతుందో చెప్పమ్మా అని అడిగాను. తెల్లారుజామున మూడింటికి నీళ్లు బాగుంటాయి, పొద్దున్న ఏడింటికి రిసార్టుల ట్యాంకులు నింపే మోటార్లు మొదలవగానే రుచి మారిపోతుంది, శనాదివారాలు మరీను. ఒక కన్సల్టెంట్ ఖరీదైన పరికరాలు పెట్టి తెలుసుకునేది ఆవిడ బిందెతో తెలుసుకుంది. ఆ రోజే నిర్ణయించాం, కొలతలు తీసే పని పేటలో చదువుకున్న ఇద్దరు ఆడపిల్లలకి జీతమిచ్చి అప్పగించాలని, రోజూ తెల్లారకముందు ఒకే వేళకి అన్ని నూతుల్లోనూ బోర్లలోనూ మట్టం, టీడీఎస్ రెండూ రాయాలని. ఆ పుస్తకం పంచాయతీలో ఎవరైనా చూడొచ్చు. ఒక రిసార్టు యజమాని దీనికి ఒప్పుకోలేదు, మా బోరు లెక్క బయటపెట్టం అన్నారు. ఆయన్ని బలవంతం చేయలేదు, పక్కన ఉన్న రెండు నూతుల్లో కొలిస్తే ఆ బోరు సంగతి తెలిసిపోతుంది.

కొలతల్లో మొదటి వారాల్లోనే బయటపడింది ఏమిటంటే, పేట నుయ్యిని పాడుచేస్తున్నది అన్ని బోర్లూ కాదు, ముఖ్యంగా రెండు. ఒకటి సముద్రానికి మరీ దగ్గర. 2011 నాటి సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) నోటిఫికేషన్‌లో బీచ్ రిసార్టులకి పెట్టిన షరతుల ప్రకారం పోటు గీత నుంచి 200 మీటర్ల లోపు భూగర్భ జలం తోడకూడదు, 200 నుంచి 500 మీటర్ల మధ్య తోడాలంటే భూగర్భ జల బోర్డు సమ్మతి కావాలి. ఈ మాట మీటింగ్‌లో చదివి వినిపించగానే ఆ బోరు యజమాని తనే మూసేస్తానన్నారు, మూసేశారు. రెండోది నిబంధనల దూరంలోనే ఉంది కానీ లోతు ఎక్కువ, మోటారు పెద్దది. దాన్ని ఆపించడానికి టైం పట్టింది, ఎందుకంటే ఆ యజమాని అడిగింది న్యాయమైన ప్రశ్నే: "ఆపేస్తే నా గదులకి నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయండి?"

జవాబు పాత పద్ధతిలోనే ఉంది. మన తీరం ఇసుక నేలల్లో పూర్వం దొరువులు తవ్వేవాళ్లు, లోతు లేకుండా వెడల్పుగా, పై పొరలో నీళ్లు మాత్రమే ఊరేటట్టు. ఒక లోతైన బోరు స్థానంలో మెరక పొడవునా దూరదూరంగా మూడు రింగుల నూతులు దింపాం, లోతు తక్కువగా. ఒక్కోదానికి చిన్న మోటారు, నీటి మట్టం గీత దాటి తగ్గగానే దానంతటదే ఆగిపోయే ఫ్లోట్ స్విచ్. పొద్దున్న ఒక్కసారే ట్యాంకు నింపేయడం మానేసి, రాత్రి పది నుంచి తెల్లారేదాకా విడతలు విడతలుగా కొంచెం కొంచెం తోడటం. దీనికి ట్యాంకు పెద్దది కావాలి, కాబట్టి ఖర్చు బోర్ల మీద కాకుండా సంపు మీద పెట్టించాను. నీళ్లు నిల్వ చేసుకునే చోటు ఉన్నవాడికి మోటారు మీద ఆత్రం ఉండదు.

వాడకం తగ్గించడంలో ఎక్కువ ఫలితమిచ్చింది ఫ్లష్ ట్యాంకులు. రాత్రి ట్యాంకులో రంగు నీళ్లు పోసి పొద్దున్న కమోడ్‌లో చూస్తే కారుతున్నవి తెలిసిపోతాయి, చాలా గదుల్లో కారుతూనే ఉన్నాయి. వాషర్లు మార్చడం చవకైన పని, ఒక్క ప్లంబర్, సామాన్ల సంచి చాలు. దాని తర్వాత కొత్త పైపులైను: కాస్త ఉప్పగా ఉన్న నూతి నీళ్లని విడిగా ఒక ట్యాంకుకి ఎక్కించి, ఫ్లష్‌లకీ, బీచ్ గేటు దగ్గర ఇసుక కడుక్కునే కుళాయిలకీ మాత్రమే ఇచ్చాం. గేటు దగ్గర ఇసుక పోతే గదిలో షవర్ కింద నిలబడే సేపు తగ్గుతుంది. దుప్పట్లు ఉతకడం సీజన్ రెండు నెలలూ రాజోలు వైపు లాండ్రీకి పంపడానికి ఒప్పించాం. లాన్‌లు తీసేయమన్నాను, కొందరు తీశారు, కొందరు ఫొటోలకి బాగుంటుందని ఉంచుకున్నారు. ఇసుకలో గడ్డి పెంచడం నాకు మింగుడుపడదు. సరుగుడు చెట్ల నీడ, కొబ్బరి నీడ ఉన్నచోట లాన్ ఎందుకు?

ఆర్వో ప్లాంట్ల గురించి ఒక మాట. నీళ్లు ఉప్పెక్కాయంటే వెంటనే పెద్ద ఆర్వో పెట్టేద్దాం అంటారు. తాగడానికి, వంటకి చిన్నది సరే. స్నానాలకీ ఆర్వో అంటే తోడిన దాంట్లో చాలా భాగం రిజెక్ట్ నీరుగా పోతుంది, తోడిన నీటి కంటే ఎక్కువ ఉప్పుతో. ఇక్కడ దాన్ని వెనక ఇసుకలోకి వదిలేస్తున్నారు, అది నేరుగా మళ్లీ అదే మంచినీటి పొరలోకి దిగుతుంది. ఆ పైపుల్ని కనిపెట్టి మెరక మీది నుంచి పల్లంలో ఉప్పుటేరు వైపు తిప్పించాం. సెప్టిక్ ట్యాంకులదీ ఇదే కథ. ఇసుకలో మురుగు వడకట్టుకోకుండా వేగంగా పారుతుంది, ఇంకుడు గుంతకీ తాగేనీటి నూతికీ కనీసం 18 మీటర్ల దూరం ఉండాలి, ఒక హోంస్టేలో అందులో సగం కూడా లేదు. ఆ గుంత పూడ్చి ఇంటికి అవతలి వైపు కొత్తది కట్టించాం. అన్ని ట్యాంకులూ మార్చి నెలాఖరులోపు ఖాళీ చేయించాం, సీజన్ మధ్యలో లారీ వస్తే ఆ రోజు గెస్టులకి నరకం.

కాలువలు కట్టేసే ముందు సంపులన్నీ నింపుకున్నారు. ఇక్కడే ఒక పెద్ద పేచీ వచ్చింది. పంచాయతీ మంచినీటి చెరువు నుంచి సీజన్లో ట్యాంకర్లు కొట్టుకుంటామని, ఎంతైనా కడతామని ఇద్దరు యజమానులు అడిగారు. నేను గట్టిగా వద్దన్నాను. ఆ చెరువు చుట్టుపక్కల ఊళ్లకి జూన్ దాకా తాగునీరు. అందులోంచి ఈత కొలనుకి నీళ్లు పోతే ఆ తర్వాత ఎవరి మాటా ఎవరూ వినరు. సర్పంచ్ కూడా అదే మాట మీద నిలబడ్డారు. ఈత కొలను ఉన్న రిసార్టు ఆయన చివరికి ఉన్న నీటినే ఫిల్టర్ చేసుకుంటూ సీజన్ నడపడానికి ఒప్పుకున్నారు, మధ్యలో ఖాళీ చేసి నింపకూడదనేది షరతు.

సముద్రం వైపు పని

నాది నీళ్ల పనే అయినా బీచ్ గురించి మీటింగుల్లో మాట్లాడకుండా ఉండలేకపోయాను. మన తీరంలో స్నానానికి దిగి పోయే ప్రాణాల గురించి ప్రతి వేసవిలో పేపర్లో చదువుతున్నాం, ఎక్కువమంది కుర్రాళ్లే. నది సముద్రంలో కలిసే మొగలకి దగ్గరగా ఉన్న బీచ్‌లలో ఇసుక తిన్నెలు ఎప్పటికప్పుడు చోటు మారతాయి, ఈ నెల నడుంలోతు ఉన్నచోట వచ్చే నెల గొయ్యి ఉంటుంది. తిన్నెల మధ్య సందులోంచి నీళ్లు తిరిగి లోపలికి లాగే చోట కెరటం విరగదు, నీళ్లు నున్నగా, కాస్త ముదురు రంగులో కనిపిస్తాయి. తెలియనివాళ్లు కెరటాలు లేవు కదా, ఇక్కడ బాగుందని సరిగ్గా అక్కడే దిగుతారు. అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది ఆ పాయలోంచి బయటపడి, అప్పుడు కెరటాలతో పాటు ఒడ్డుకి రావాలి. ఈత రానివాళ్లు తేలుతూ చెయ్యెత్తి పిలవాలి.

ఇదంతా పేటలో పదేళ్ల పిల్లాడికి తెలుసు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మర పడవలకి వేట నిషేధం, 61 రోజులు. సరిగ్గా సీజన్ రోజులే. సముద్రం తెలిసిన మనుషులు ఒడ్డున పనిలేకుండా ఉంటే, సముద్రం తెలియని మనుషులు నీళ్లలోకి దిగుతున్నారు. నిషేధ కాలానికి ప్రభుత్వమిచ్చే సాయం ఎలాగూ ఉంటుంది, దానితో సంబంధం లేకుండా రిసార్టులన్నీ మంచాల లెక్కన డబ్బు వేసుకుని పేట కుర్రాళ్లని బీచ్ కాపలాకి రోజు కూలి మీద పెట్టుకున్నాయి. పొద్దున్నే ఇద్దరు పెద్దవాళ్లు నీళ్లలోకి దిగి తిన్నెలు ఎక్కడున్నాయో చూసి, స్నానానికి పనికొచ్చే చోట రెండు వైపులా ఎరుపు పసుపు జెండాలు పాతుతారు. అమావాస్య, పౌర్ణమి పోటు రోజుల్లోనూ, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ నుంచి ఎత్తైన కెరటాల హెచ్చరిక వచ్చిన రోజుల్లోనూ ఎర్రజెండా ఒక్కటే, ఆ రోజు ఎవరూ దిగకూడదు. గాలి నింపిన లారీ ట్యూబులు, తాళ్లు, ఈలలు, ఇవీ సామాన్లు. ప్రథమ చికిత్స, గుండె నొక్కి ఊపిరి తెప్పించడం అమలాపురం నుంచి ఒక డాక్టరుగారు వచ్చి నేర్పారు. తాగి దిగేవాళ్లతో గొడవలు రాకుండా సాయంత్రం పూట ఒక పోలీసు మనిషి ఉంటే బాగుంటుందని అడిగాం, వారాంతాల్లో పంపారు.

మిగతావి త్వరగా చెప్తాను. ఉప్పుగాలికి కరెంటు బోర్డులు లోపల తుప్పు పట్టి ఉంటాయి, ప్రతి గదికీ కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ స్విచ్ పెట్టించి, ఎర్తింగ్ కొలిపించాం. బయట రెయిలింగులకి, బోల్టులకి 304 స్టీలు కాకుండా 316 వాడమని చెప్పాను, ఖరీదు ఎక్కువే కానీ తీరంలో ఏడాదికే మచ్చలు పడకుండా ఉండేది అదే. తాటాకు పాకల్లో గ్యాస్ పొయ్యిలు ఆకుకి దూరంగా రేకు అడ్డు పెట్టి జరిపించాం. తుఫాను సంగతి అక్టోబరు, నవంబరుల్లోనే అనుకుంటారు, కానీ 2022 మే 11న అసాని మచిలీపట్నం, నర్సాపురం మధ్యే తీరం దాటింది. కాబట్టి గెస్టుల్ని ఎప్పుడు, ఏ దారిన పంపేయాలో ఒక కాగితం ప్రతి రిసెప్షన్లోనూ అంటించాం.

మే నెలలో ఏమైంది

ఏప్రిల్ నెలాఖరు వరకు పేట నుయ్యి 1000 లోపే ఉంది. మే రెండో వారంలో ఉక్క బాగా పెరిగింది, గదులన్నీ నిండాయి, దక్షిణపు చివర కొత్త రింగుల నూతిలో అంకె రోజురోజుకీ పెరగడం మొదలైంది. పుస్తకం రాసే అమ్మాయి రాత్రి ఫోన్ చేసి "సార్, మూడ్రోజుల్నుంచి పెరుగుతోందండి, ఆపించమంటారా?" అంది. ఆపించాం. మిగతా రెండు నూతులతో ఆ రిసార్టుకి సరిపోదు, ఆయన ఆ వారం కొన్ని గదుల బుకింగ్ ఆపుకున్నారు, పక్క హోంస్టే వాళ్లు ఆ గెస్టుల్ని తీసుకున్నారు. పోటీగా ఉండే వ్యాపారుల మధ్య ఇది జరగడం చూసి నాకు చాలా సంతోషమేసింది. వారం పైన ఆ నూతి అంకె మెల్లగా దిగింది. పేట నుయ్యి మే మొత్తంలో ఎక్కువలో ఎక్కువ 1400 దగ్గర ఆగింది. తాగడానికి గొప్ప నీళ్లు కాదు, కానీ పప్పు ఉడికింది, ఆ పెద్దావిడే చెప్పింది.

బీచ్‌లో కాపలా కుర్రాళ్లు లోపలికి కొట్టుకుపోతున్నవాళ్లని బయటికి లాగిన సందర్భాలు ఉన్నాయి. ఆ సీజన్లో జెండాల మధ్య ఎవరి ప్రాణమూ పోలేదు. జెండాల హద్దు దాటి దూరంగా మొగ వైపు వెళ్లేవాళ్లని ఆపడానికి మాత్రం మనుషులు చాల్లేదు, వచ్చే ఏడాది మొగ దగ్గర వేరే గస్తీ కావాలి.

లెక్క బయటపెట్టనన్న రిసార్టు బోరు పక్కన ఉన్న రెండు నూతులూ మేలో 2000 దాటాయి. జూన్‌లో కాలువలు వదిలి, తొలకరి వానలు పడ్డాక కూడా అవి మిగతావాటి అంత త్వరగా దిగలేదు. ఆ అంకెలు పుస్తకంలో ఉన్నాయి, ఆయనే ఒక రోజు పంచాయతీకి వచ్చి పేజీలు తిప్పి చూసి వెళ్లారని విన్నాను. ఇంకా కబురు రాలేదు. ఈలోగా మిగతా వాళ్లంతా కాటేజీల పైకప్పుల వాన నీళ్లు ఒక్క చుక్క కూడా డ్రెయిన్లోకి పోకుండా నూతుల పక్కన ఇసుకలోకి దించే పైపులు బిగించుకుంటున్నారు. పెద్ద వానలు పడేలోపు అవ్వాల్సింది ఆ పని.